ఆరో పట్టీ

బిజినేపల్లి,
2025 ఫిబ్రవరి 4.

తమ్ముడు దాసుకు అక్క పుష్పమ్మ వందనాలు.

నేను, అఖిల, మీ బావ బాగున్నాం. నీకంటే ముందు ఈ కవరు విప్పి చదివే సారుకు కూడా నమస్కారం. ఆయన కళ్లకు ఇబ్బంది కలగకూడదని అక్షరాలు పెద్దగా రాస్తున్నాను.

పోయిన నెల జైలు ములాఖత్‌లో మీ బావ నా పక్కనే నిలబడ్డాడు కాబట్టి అడగాలనుకున్నవి అడగలేకపోయాను. ఫోనూ ఆయన దగ్గరే ఉంటుంది. చదవడం రాయడం మాత్రం ఆయనకు రాదు. అందుకే ఇక మీదట ఉత్తరాలే రాస్తాను. అఖిల నర్సింగు కాలేజీకి పోతూ పోస్టు డబ్బాలో వేస్తుంది.

సంగతి ఏమిటంటే, శనివారం నాన్న లారీని తుక్కుకు కొనేవాళ్లు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చారు. మీ బావే పిలిచాడు. గ్యాసు కట్టర్ కూడా తెచ్చుకున్నారు. నేను పోయి క్యాబిన్‌లో కూర్చున్నాను.

"దిగవే. తుప్పు బొందకు కావలి ఏంది?" అన్నాడు మీ బావ.

"ఇది మా తమ్మునిది. వాడొచ్చి చెప్తె దిగుత."

"వాడొస్తడా? వాడొచ్చేనాటికి నీ నెత్తి ముగ్గుబుట్టయితది."

"అయితే కానీ. గీడనే కూసుంట."

తుక్కు వాళ్లు బీడీలు తాగి పోయారు. ఆ తర్వాత లారీ తలుపు తగిలి నా పై పెదవి కుడివైపు చీలింది. మూడు కుట్లు పడ్డాయి. తలుపు మడతలు బిగుసుకుపోయి ఉన్నాయి. ముందు వాటిని సరిచేయాలి.

అవును, సరిచేద్దామనే అనుకుంటున్నాను. రెండేళ్ల కింద జూన్‌లో పుణె పనికి పోతూ నువ్వు లారీని మా రేకుల షెడ్డులో దిమ్మెల మీద నిలబెట్టి, ఒక్కో సామాను చూపించి నాకు అప్పజెప్పావు. నువ్వు చెప్తుంటే నేను నోటుబుక్కులో రాశాను. నాలుగు పేజీలు. కింద నీ సంతకం, నా సంతకం. "అక్కా, లారీకి గూడ రేషన్ కార్డు రాస్తున్నవా?" అని నవ్వావు. ఆ నాలుగు పేజీలు నా ముందే ఉన్నాయి.

కూలీల మేస్త్రి జితేందర్ ఖూనీ కేసులో జూన్‌లో తీర్పు రావచ్చంటున్నాడు వకీలు. కత్తితో దొరికావు, ఔనని ఒప్పుకున్నావు, యావజ్జీవం తప్పదంటున్నాడు. నేను అడిగిన ప్రతిసారీ నువ్వు తల దించుకున్నావు. అందుకే అడగడం మానేశాను. చేతనైన పని చేస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో రాయి.

మీ అక్క
పుష్పమ్మ


జైలు, గద్వాల,
ఫిబ్రవరి 16.

అక్కకు దాసు వందనాలు.

నీ అక్షరాలు చూసి సారు నవ్వాడు. "మీ అక్క టీచరా?" అని అడిగాడు. "కాద్సార్, ఇల్లు చూసుకుంటది. ఇంట్ల చెంచాలకు గూడ నంబర్లేస్తది" అన్నాను.

ఆ లారీ నీకంటే పదేళ్లే చిన్నది. మొండిది కూడా. అయినా నువ్వు చేస్తానంటే చేస్తావు. చిన్నప్పుడు నా చిరిగిన నిక్కర్లకు అతుకులేసి నాలుగేళ్లు తొడిగించినదానివి. సరే, విను.

ఏ బోల్టు విప్పినా ముందు రోజే దాని మీద డీజిల్ పొయ్యి. బలవంతం చేస్తే మెడ విరుగుతుంది. విప్పిన ప్రతిదాన్నీ డబ్బాలో వేసి, ఎక్కడిదో రాసి అంటించు. అది నీకు చెప్పనక్కర లేదు. తలుపులు, ఆ తర్వాత క్యాబిన్ నేల, ఆ తర్వాత బ్రేకు పైపులు. ఇంజన్ చివర్లో చూద్దాం.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒకటి. జాకీని నమ్మకు. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. కిందికి దూరే ప్రతిసారీ ఇరుసు కింద చెక్క దిమ్మెలు పెట్టు. ఒక్క నిమిషం పనైనా పెట్టు. నాన్న దగ్గర పని నేర్చుకున్న ఒకడు ఆ ఒక్క నిమిషానికే పోయాడు. రొమ్ము ఎముకలు విరిగిన చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

ఇక్కడ రోజులు గడుస్తున్నాయి. మొన్న నీళ్ల దగ్గర ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడు రెండోవాని చెవి కొరికి ఉమ్మేశాడు. ముక్క బకెట్టు పక్కన పడి ఉంటే ఎవరూ ముట్టలేదు. నేనే తీసి కాగితంలో చుట్టి ఇచ్చాను. ఖూనీ చేసినవాణ్ని కదా, నెత్తురంటే నాకు లెక్క ఉండదని వాళ్ల నమ్మకం. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

షెడ్డు మూలన గోనెలో ఎడమ వెనక చక్రం కమాను కట్ట ఉంది, గుంతల కుదుపు మోసే ఇనుప పట్టీలు. దాని జోలికి పోకు. బరువు. కాలి మీద పడితే వేళ్లు పోతాయి. అది నేనొచ్చి చూసుకుంటా.

అవును గానీ, నువ్వు లోపల కూర్చుంటే తలుపు నీ పెదవికి ఎట్లా తగిలింది? అది బయటికి కదా తెరుచుకునేది.

తమ్ముడు
దేవదాసు


బిజినేపల్లి,
మార్చి 20.

దాసూ,

దిగుతుంటే గాలికి తలుపు తిరిగి కొట్టింది. కుట్లు మానాయి.

పని నడుస్తోంది. ఇప్పటికి యాభై నాలుగు డబ్బాలు నిండాయి. తలుపులు రెండూ వేలితో తోస్తే తెరుచుకుంటున్నాయి. క్యాబిన్ నేలలోంచి కింది మట్టి కనిపించేంత తుప్పు ఉండింది. వెల్డింగు ఆయనను ఇంటికే పిలిపించి రేకు వేయించాను. సీటు వెనక పడక చెక్క కొత్తగా చేయించాను. నాన్న కాలంలో అది లేదు. పొడవు నీ ఎత్తు కంటే జానెడు ఎక్కువ పెట్టించాను. లోపల ఉన్నవాళ్లు ముడుచుకొని పడుకోవడం అలవాటు చేసుకుంటారట. నువ్వు వచ్చాక కాళ్లు చాపుకోవాలి.

ఒక మంచి మాట. అద్దం పైనున్న నుదుటి పలకను గరుకు కాగితంతో రుద్దాను. పైన ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, అడుగున నీలం. నీలం మీద పసుపు అక్షరాలతో "పుష్ప – దాసు". నాన్న రాయించింది. చేత్తో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. అఖిల వచ్చి "అమ్మా, నీ పేరు ముందున్నదని పొంగకు, బండి మామదే" అంది.

ముందు అద్దం, రెండు దీపాలు పోయిన వారం పగిలాయి. ఎట్లా పగిలాయో నోటుబుక్కులో తేదీతో ఉంది. ఇక్కడ రాయను.

ఇక, నువ్వు వద్దన్న పని చేశాను. గోనె అడుగున చిరిగి లోపలికి తేమ పోతోందని కమాను కట్ట విప్పాను. నీ మాట నిజమే, బరువు. ఒక్కో పట్టీ లాగి నేల మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా పేర్చాను. నోటుబుక్కులో ఇట్లా ఉంది: "కమాను పట్టీలు పది. పదింటి మీద నాన్న శిలువ గుర్తు." నీకు తెలిసిందే, కమాను పనికి ఇచ్చినప్పుడు దుకాణం వాళ్లు మంచి పట్టీ దాచుకొని పాతది పెడతారని నాన్న ప్రతి పట్టీ చివర ఉలితో చిన్న శిలువ కొట్టేవాడు.

ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయి. తొమ్మిదింటి మీదా శిలువ ఉంది. ఐదోది ఉంది, ఏడోది ఉంది. వాటి మధ్య ఒక మెట్టు లేదు. ఆరో పట్టీ లేదు.

ఇంకొకటి. నువ్వు కట్టను ఇనుప తీగతో కట్టావు. అది కూడా రాశాను. ఇప్పుడు దానికి నీలం నైలాన్ తాడు ఉంది.

మీ బావను అడిగితే, "పట్టీలు లెక్కవెట్టుకుంట కూసో, పొయ్యి మీద కూర మాడుతున్నది" అన్నాడు. కూర మాడలేదు. పొయ్యి మీద ఏమీ లేదు.

నువ్వు పోయేముందు ఎవరికైనా ఇచ్చావా?

అక్క


జైలు, గద్వాల,
మార్చి 30.

అక్కా,

పది కాదు, తొమ్మిదే. నేనే తప్పు చెప్పి రాయించాను. తాడు సంగతి నాకు గుర్తు లేదు.

తొమ్మిదింటినీ గోనెలో వేసి కట్టెయ్యి. లారీ పని ఇక చాలు. నాకు శిక్ష పడుతుంది. పడితే ఆ బండికి దిక్కెవరు? బావ చెప్పినట్టు తుక్కుకు ఇచ్చెయ్యి. నా మాట మన్నించు. ఇంకేమీ వెతకొద్దు.

దాసు


బిజినేపల్లి,
ఏప్రిల్ 22.

దాసూ,

నువ్వు తప్పు చెప్పి ఉండవచ్చు. నేను తప్పు రాయను. ఆ రోజు ఒక్కో పట్టీ చేత్తో ముట్టుకొని పక్కన టిక్కు పెట్టాను. టిక్కులు పది ఉన్నాయి.

అఖిల పరీక్షల పని అని చెప్పి ఇద్దరం గద్వాల పోయాం. వకీలు దగ్గర కేసు కాగితాలు చదివాను. నీ చేతిలో దొరికిన కత్తి వర్ణన అందులో ఉంది. లారీ కమాను పట్టీతో చేసినది. పిడి దగ్గర సగం తెగిన బోల్టు రంధ్రం. దాని పక్కన శిలువ గుర్తు. "ముద్దాయి క్రైస్తవుడు, తన గుర్తు కొట్టించుకున్నాడు" అని రాసుకున్నారు. నువ్వు ఔనన్నావు. ఆ వాక్యాన్ని నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

తిరిగి వచ్చాక అన్నింటికంటే చిన్నదైన పదో పట్టీని పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకొని కొలుముల చుట్టూ తిరిగాను. మూడు చోట్ల తెలియదన్నారు. నాలుగోది వనపర్తి దారిలో. నర్సింహులు అనే ముసలి కమ్మరి. చీర విప్పగానే బొటనవేలితో శిలువను తడిమాడు.

"ఈ గుర్తు నేను జూసిన బిడ్డా. పోయినేడు శివరాత్రి ముంగట ఒకాయన గిసొంటి పట్టీనే తెచ్చిండు. తుమ్మకంప కొట్టనీకె కత్తి జెయ్యమన్నడు."

"గుర్తు తియ్యమనలేదా?"

"రుద్దుదునా అని నేనే అడిగిన. యాల్ల లేదు, ఉండనియ్ అన్నడు. జర పిచ్చోనోలె ఉండె. అంచు మీద వేలు వెట్టి నెత్తురొచ్చేదాంక ఒత్తి జూసిండు. గంత పదును కంపకు ఎందుకు నాయనా అంటె నవ్విండు."

"ఎట్లాంటి మనిషి?"

"ఎడమచేతి వాటపోడు. పిడి గూడ ఎడమ చేతికే వంపు వెట్టిచ్చుకున్నడు."

నువ్వు అన్నీ కుడిచేత్తోనే చేస్తావు. శివరాత్రికి నువ్వు పుణెలో ఉన్నావు. జితేందర్ చచ్చిన పోయినేడు మార్చి పద్నాలుగున గానీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. పట్టీ మా షెడ్డులో ఉంది. షెడ్డు తాళం చెవులు రెండు. ఒకటి నా కొంగుకు ఉంటుంది.

నాకు తెలిసిన ఎడమచేతివాటం మనిషి ఒక్కడే. ఈ కాగితం ఇంకొకరు కూడా చదువుతారు కాబట్టి పేరు రాయను. నువ్వు రాయి.

అక్క


గద్వాల,
మే 5.

అక్కా,

ఇది పోస్టులో రాదు. రాకేష్ అనే అబ్బాయి ఈ రోజు విడుదలవుతున్నాడు. చెప్పు అడుగున పెట్టుకొని తెస్తాడు. చదివి కాల్చెయ్యి. నీకు తెలిసిపోయింది కాబట్టి, సగం తెలిసి నువ్వు వీధుల వెంట తిరగకుండా ఉండాలని మొత్తం రాస్తున్నాను.

బావ జితేందర్ కూలీల బండి తోలేవాడు కదా. పోయినేడు జనవరిలో బండి ఆలస్యమైందని జితేందర్ నలభై మంది కూలీల ముందు బావను మోకాళ్ల మీద కూర్చోబెట్టి చెప్పుతో కొట్టాడు. ఆ చెప్పును దూరంగా విసిరి నోటితో కరుచుకు రమ్మన్నాడు. బావ తెచ్చాడు. ఇది నీకు చెప్పి ఉండడు.

నేను పుణె నుంచి రాయచూరు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో వస్తున్నానని ఫోన్ చేస్తే, "బీచుపల్లి కాడ దిగు, బండి మీద తీస్కపోత" అన్నాడు. మధ్యాహ్నం దిగాను. నది వంతెన కింద బావ మోటారు సైకిలు కనిపించింది. కిందికి దిగాను. నీళ్లు తక్కువగా ఉన్నాయి. జితేందర్ రాళ్ల మీద వంగి మొహం కడుక్కుంటున్నాడు. బావ వెనక నుంచి పోయి కొట్టాడు. మొదటి దెబ్బకు భుజం నుంచి చెయ్యి వేలాడింది. జితేందర్ తిరిగి చూసి "ఏయ్ డ్రైవర్" అన్నాడు. అంతే, ఎవరినో పని చెప్పడానికి పిలిచినట్టు. రెండో చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్లు నీళ్లలో పడ్డాయి. నీళ్ల వైపు పాకుతుంటే బావ వీపు మీద ఎక్కి కూర్చొని మెడ మీద కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టాడో. ప్రతి దెబ్బకూ "కరుచుకరా, కరుచుకరా" అన్నాడు. నేను పోయి లాగేసరికి జితేందర్ కాళ్లు మాత్రమే కొట్టుకుంటున్నాయి. కత్తి గుంజుకున్నాను. నా బట్టలు, మొహం, నోరు నెత్తురయ్యాయి. ఆ రుచి ఇంకా పోలేదు.

పై నుంచి జనం కేకలు వేశారు. బావ నా కాళ్లు పట్టుకున్నాడు.

"దాసూ, నేను వోతె మీ అక్క బజార్ల పడ్తది. అఖిల సదువు ఆగుతది. నీకెవలున్నరు? నువ్వు సెయ్యలే అని తర్వాత నేనే చెప్పి విడిపిస్త."

చేతిలో కత్తి చూశాను. నాన్న శిలువ కనిపించింది. మన ఇంటి ఇనుమే, మన ఇంటి పాపమే, నేనే మోస్తాను అనుకున్నాను. బావ రాళ్ల మీదుగా ఉరికి పోయాడు. నేను నిలబడ్డాను.

నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. నీకు ఇల్లుంది. ఇరవై మూడేళ్లలో బావ నీ మీద చెయ్యెత్తాడని ఒక్కసారి కూడా నీ నోట వినలేదు. ఇంట్లో అంత మంచిగా ఉన్న మనిషి, అవమానం తట్టుకోలేక ఒక్కసారి పిచ్చివాడయ్యాడు. ఆ ఒక్కసారికి నీ ఇల్లు కూలకూడదు. పట్టీల సంగతి నీకు తెలిసిందని బావకు అనుమానం రానివ్వకు. నోరు మూసుకో అక్కా. నీ కాళ్లు మొక్కుతా.

దాసు


బిజినేపల్లి,
మే 19.

తమ్ముడు దాసుకు, ఈ కవరు విప్పి చదివే సారుకు, పుష్పమ్మ రాయునది.

ఎడమ చేతికి పిండికట్టు ఉంది. కుడిచెయ్యి బాగుంది. అందుకే అక్షరాలు ఎప్పటిలాగే పెద్దగా ఉన్నాయి.

దాసూ, నా నోటుబుక్కును నువ్వు ముందు వైపు నుంచే చూశావు. ఇంటి సామాన్లు, లారీ సామాన్లు. దాన్ని తిరగేసి వెనక నుంచి తెరిస్తే ఇంకో రాత ఉంది. అట్లాంటివి మొత్తం ఆరు పుస్తకాలు. పెళ్లయిన నాలుగో నెల నుంచి తేదీ, దేనితో, ఎక్కడ, ఎన్ని కుట్లు. బెల్టు, వీపు. రోకలి, తుంటి. అఖిల కంటే ముందు కడుపులో ఉన్నది ఐదో నెలలో పోయింది, కాలు, పొత్తికడుపు. వేడి పెనం, అరచెయ్యి. ఫిబ్రవరి ఒకటిన పిడికిలి, పై పెదవి, మూడు. ఎక్కువగా కుడివైపే. ఎడమచేతివాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే అక్కడే తగులుతుంది. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు వచ్చి ఆయనను ఏమైనా చేసి జైలుకు పోతావని భయపడ్డాను.

నా ఇల్లు చెడకూడదని నువ్వు జైలుకు పోయావు. నీ బతుకు చెడకూడదని నేను దెబ్బలు దాచాను. ఇద్దరం దాచి దాచి ఆయనను కాపాడాం. నువ్వు లోపలికి పోయాక ఆయన ఇంకా పెరిగాడు. చెయ్యెత్తినప్పుడల్లా ఒకటే మాట: "మీ తమ్మున్నే పంపిన. నిన్ను పంపనీకె ఎంతసేపు?" అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరం చదివాక అర్థమైంది. నిన్ను బీచుపల్లిలో దిగమన్నది బండి ఎక్కించుకోవడానికి కాదు.

శనివారం మధ్యాహ్నం లారీ కింద పడుకొని బ్రేకు పైపు బిగిస్తున్నాను. జాకీ ఉంది. నువ్వు చెప్పినట్టు ఇరుసు కింద దిమ్మెలు కూడా పెట్టాను. ఆయన కాళ్లు కనిపించాయి.

"కమ్మరోని కాడికి వోయినవంట. ఏమన్నడు?"

"కత్తికి పిడి మంచిగ కుదిరిందన్నడు."

నేనే అన్నాను. ఇరవై మూడేళ్లలో ఆయనకు నేను అట్లా జవాబు చెప్పడం అదే మొదలు. ఆయన ఒక అడుగు దగ్గరికి వేశాడు. జాకీ పిడిని తన్నాడు. లారీ దిగింది. రెండు వేళ్ల మందం దిగి, దిమ్మెల మీద కూర్చుంది. దుమ్ము నా కళ్లలో పడింది. ఇనుము నా ముక్కు చివరను తాకి ఆగింది. నేను చావలేదని తెలియడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. నాకు కూడా.

కాలు పట్టి బయటికి ఈడ్చాడు. చక్రాల పానాతో తల మీద కొట్టబోతే ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. రెండోసారి ఎత్తేలోగా పక్కన పేర్చి ఉన్న పట్టీలలో చిన్నది నా కుడిచేతికి దొరికింది. పదోది. దానితో ఆయన ఎడమ మోచేతి మీద కొట్టాను. పానా పడిపోయింది. మోకాలి మీద కొట్టాను. కూలాడు. మళ్లీ మోచేతి మీద కొట్టాను. ఎముక బయటికి వచ్చింది. అయినా కొట్టాను. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. నా జన్మలో లెక్కపెట్టనిది అదొక్కటే.

అఖిల ఉరికి వచ్చి వెనక నుంచి నన్ను పట్టుకుంది. "అమ్మా, సాలు. సచ్చిపోతడు. సస్తె మామ బయటికి రాడు."

ఆ మాటకు నా చెయ్యి ఆగింది. నా కూతురు నాకంటే ముందే అంతా తెలుసుకొని ఉందని అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి లారీ తాడుతో ఆయనను షెడ్డు స్తంభానికి కట్టాం. అఖిల తన చదువు ప్రకారం నెత్తురు ఆగేలా ముందు ఆయన చేతికి గుడ్డ బిగించి, ఆ తర్వాత నా చేతికి కట్టు కట్టి, ఆయన జేబులోని ఫోనుతో పోలీసులకు చెప్పింది. ఆయన నీళ్లు అడిగాడు. ఇచ్చాను. అది కూడా రాసుకున్నాను.

ఇప్పుడు ఆయన దవాఖానలో కాపలా మధ్య ఉన్నాడు. ఎడమ చెయ్యి ఇక పనికి రాదంటున్నారు.

సారూ, ఇది మీకు. తొమ్మిది పట్టీలు, నీలం తాడు, ఆరు నోటుబుక్కులు పోలీసులకు ఇచ్చి రసీదు తీసుకున్నాను. కమ్మరి నర్సింహులు వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. పిడి ఎడమ చేతికి చేసిందో కాదో కత్తి పట్టి చూడమనండి. ఐదో పట్టీకి, ఏడో పట్టీకి మధ్య పెట్టి చూడమనండి. బోల్టు రంధ్రం ఎక్కడ కలవాలో అక్కడే కలుస్తుంది. నా తమ్ముడు రాసిన ఒక కాగితం వకీలుకు ఇచ్చాను. అది నాకు ఎట్లా చేరిందని అడగాలనుకుంటే నన్నే అడగండి. ఆయనను నేను ఎట్లా కొట్టానో పైన రాసింది కూడా నిజమే. దానికి పడే శిక్ష ఏదైనా ఉంటే నా పేరు మీదే రాయండి. ఈ ఉత్తరం నా తమ్మునికి ఇచ్చే ముందు ఒక నకలు తీసుకోండి.

దాసూ, కాల్చమన్నావు. కాల్చలేదు. నోరు మూసుకొమ్మన్నావు. ఇరవై మూడేళ్లు అదే చేశాను. నీకు కోపం వస్తే బయటికి వచ్చాక నా మీద అరుచుకో. అరిచే హక్కు నీకుంది, కొట్టే హక్కు ఎవరికీ లేదు.

తీర్పు వాయిదా పడుతుందట. మళ్లీ విచారణ ఉంటుందట. ఎన్ని నెలలో వకీలు చెప్పలేదు. ఈ ఆదివారం ములాఖత్‌కు నేనూ అఖిలా వస్తాం. ఈసారి నా పక్కన ఎవరూ నిలబడరు.

లారీకి నీలం రంగు ముందే వేయించాను. నుదుటి పలక బిగించాను. బ్రేకు పైపు ఇంకా సగమే అయింది, ఒంటి చేత్తో కాలేదు. ఎడమ వెనక కమాను లేదు కాబట్టి ఆ వైపు దిమ్మె మీదే నిలబడి ఉంది. కొత్త పట్టీలు తెప్పించి పెడతాను గానీ బిగించను. గుర్తు కొట్టాల్సింది నువ్వు.

నాన్న ఉలి అరవై ఒకటో డబ్బాలో ఉంది.

అక్క
పుష్పమ్మ